ఊడ్చిన నేల

“పైసా ఖర్చు లేకుండా తిరిగొచ్చాం” అని ఎవరైనా నా ఎదురుగా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి పైసా అని అడుగుతాను. అడిగితే నవ్వి ఊరుకుంటారు. కొందరు మా ఆయన వైపు చూసి పాపం అన్నట్టు మొహం పెడతారు. పెట్టుకోనీ. మణుగూరు కాలనీలో నా నోటి సంగతి తెలియనివాళ్ళు లేరు. నేను బట్టలు కుడతాను. జాకెట్టు బిగుతుగా ఉందని చెప్పడానికి వచ్చినవాళ్ళు కూడా గేటు దగ్గర ఒకసారి ఆగి, నా మొహం ఎలా ఉందో చూసుకుని అప్పుడు లోపలికి వస్తారు.

పోయిన వేసవి మొదట్లో, ఇప్పపూలు రాలే రోజుల్లో, మేం నలుగురం ఒక శనివారం అడవి అంచున టెంటు వేసుకుని ఉన్నాం. నేను, మా ఆయన, మా తమ్ముడు, వాడి భార్య. మాకది సరదా. మేం టెంటు వేసిన చెట్టు కింద పూలు ఏరుకునే ముసలామెకు అది సరదా కాదు. ఏడాది మొత్తం మీద ఆమెకు దొరికేవి ఆ కాసిని పొద్దులే. ఆ పొద్దుల్లో రాలిన పువ్వునే ఎండబెట్టుకుని వానలు పడేదాకా తినాలి, మిగిలింది సంతలో అమ్ముకోవాలి. ఆ సంగతి పోయేటప్పుడు మాకు తెలియదు. తెలిసిన తరువాత మా తమ్ముడు చేసిన పనికే నా కోపం.

అసలు మొదలుపెట్టింది కూడా వాడే. ఖమ్మంలో వాడికి సెల్‌ఫోన్ల షాపుంది. గిరాకీ లేనప్పుడల్లా వీడియోలు చూస్తాడు, చూసిన పనులన్నీ తనకు వచ్చేసినట్టే మాట్లాడతాడు. ఒక రోజు నేను మిషన్ ముందు కూర్చుని ఉండగా ఫోన్ చేశాడు.

“అక్కా, శనివారం క్యాంపింగ్ పోదాం. మీ ఇంటి పక్కనే అడివి ఉండంగ రిసార్టులల్ల పైసలు పోసుడేంది? అన్నీ ఇంట్లకెల్లే తీస్కపోదాం. బడ్జెట్ ట్రిప్పు.”

“ఎవలింట్లకెల్లిరా?” అన్నాను.

“మీదే దగ్గర గదా అక్కా.”

అదీ వాడి బడ్జెట్టు. చికెన్ మా ఇంటిది, బియ్యం మా ఇంటివి, చిన్న గ్యాస్ పొయ్యి మాది, నీళ్ళ క్యాన్లు, చాపలు, దుప్పట్లు అన్నీ మావే. ఆఖరికి టెంటు కూడా నా నెత్తినే పడింది. కొంటే దండగ అని, రోడ్డు పక్కన ఎవరో నాయకుడి పుట్టినరోజుకు కట్టిన ఫ్లెక్సీ ఒకటి విప్పి, మణుగూరు వచ్చే మనిషి చేతికిచ్చి పంపాడు. జాకెట్లు కుట్టే మిషన్ మీద ఫ్లెక్సీ కుట్టడమంటే ఏమిటో వాడికేం తెలుసు. సూదులు విరిగాయి. పెళ్ళివాళ్ళ బట్టలు ఓ మూల పడ్డాయి. ఆ నాయకుడి మొహం టెంటు లోపలికి రావాలా బయటికి రావాలా అని అక్కాతమ్ముళ్ళం ఫోన్లో చాలాసేపు కీచులాడుకున్నాం. చివరికి ఆయన లోపలికే వచ్చాడు. మేం పడుకున్నంతసేపూ రెండు చేతులూ జోడించి మా మీదికి వంగి నవ్వుతూనే ఉన్నాడు.

నా సూదుల సంగతి, నా నడుము సంగతి నేను చూసుకుంటాను. తోడబుట్టినవాడు, నా మీద ఎక్కి తొక్కినా అదొక చనువు. ఆ కోపం వేరు, ఈ కోపం వేరు.

శనివారం తమ్ముడూ మరదలూ జూలూరుపాడు మీదుగా కారులో మధ్యాహ్నానికే మా ఇంటికి వచ్చేశారు. తిన్నారు, పడుకున్నారు, లేచి టీ తాగారు. ఆలోపు నేను చికెన్‌కు మసాలా పట్టించి, టమాటా పచ్చడి నూరి, సామాను కట్టాను. ఎండ దిగాక బయలుదేరి, మెయిన్ రోడ్డు దిగి, మట్టిబాట పట్టి ఒక వాగు దగ్గరికి చేరాం. వాగులో నీళ్ళు పాదాలు మునిగేంతే ఉన్నాయి. అవతల కొండ, ఇవతల కొంచెం దూరంలో చిన్న ఊరు, కోయవాళ్ళ ఇళ్ళు.

ఆ రోజుల్లో అడవంతా ఎండాకే. కాలు పెడితే కరకరమంటుంది, కింద ఏముందో కనిపించదు. మా మరదలికి పాములంటే ప్రాణం పోతుంది. “వదినా, నేను కార్లనే పండుకుంట” అని డోరు వేసుకుని కూర్చుంది. అంతలో ముందుకు వెళ్ళిన తమ్ముడు మమ్మల్ని రమ్మని చెయ్యి ఊపాడు.

పెద్ద ఇప్పచెట్టు. ఆకంతా రాల్చేసి, కొమ్మల చివర పూగుత్తులతో నిలబడి ఉంది. దాని కింద నేల మాత్రం పొద్దున్నే ఊడ్చిన మా వాకిలిలా ఉంది. ఒక్క ఆకు లేదు, పుల్ల లేదు, రాయి లేదు. కొమ్మలు ఎంతవరకు చాచుకుని ఉన్నాయో అంతవరకు గుండ్రంగా, శుభ్రంగా ఉంది.

“చూసినవా అక్కా, మనకోసమే సాఫ్ చేసిపెట్టినట్టుంది. పామొచ్చినా దూరంకెల్లే కనబడ్తది” అన్నాడు తమ్ముడు.

“ఎవలో ఊడ్చిండ్రు. అడివిల ఊకెనే ఎందుకు ఊడుస్తరు?” అన్నాడు మా ఆయన. ఆయన బొగ్గుగనిలో పనిచేస్తాడు. మాటలు తక్కువ. ఆ కాస్త మాట కూడా నిలవలేదు.

“ఫారెస్టోళ్ళు చేయించుంటరు బావా, మంటలంటుకోకుండ.”

మా తమ్ముడి దగ్గర ప్రతి ప్రశ్నకూ అప్పటికప్పుడు ఒక జవాబుంటుంది. అదే వాడి రోగం. నడి అడవిలో ఊడ్చిన నేల కనిపిస్తే, ఇది ఎవరి రెక్కల కష్టం అని కాక, ఇది మనకే అని తోచడం మా వాళ్ళకే చెల్లింది. వాడంటే జన్మలో చీపురు పట్టలేదు, వాడికి తోచకపోతే పోయింది. రోజూ వాకిలి ఊడ్చుకునే మా ఇద్దరు ఆడవాళ్ళకైనా తోచాలి కదా. మరదలు పాము భయం తీరినందుకు సంతోషపడింది. నేను చాపలు దించుకునే జాగా దొరికిందని సంతోషపడ్డాను.

టెంటు కట్టాం. ఎండాకు అంటుకుంటుందని ఊడ్చిన నేల మీదే రాళ్ళు పేర్చి చిన్న మంట వేశాం. కారు తెచ్చి చెట్టు కిందికే తోలాడు తమ్ముడు, సామాను దించడం సులువని. అబద్ధం చెప్పడమెందుకు, ఆ సాయంత్రం బాగానే ఉంది. వాగులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే కుట్టుమిషన్ తొక్కీ తొక్కీ వాచిన పాదాలకు హాయిగా ఉంది. తమ్ముడు చిన్నప్పటి కబుర్లు చెప్పి నవ్వించాడు. తల్లాడలో మా పొలం గట్టున వాడు దున్నపోతు మీద ఎక్కి పడ్డ కథ వందోసారి చెప్పినా నవ్వాను. చికెన్ మా ఆయన వండాడు. మసాలా నాది గానీ, గరిటె ఆయనది. ఖర్చు లేకుండా ఇంత సుఖం ఉందా అని నేను కూడా అన్నట్టే గుర్తు.

తెల్లవారుతుండగా టెంటు మీద టప్ టప్ మని చప్పుడయింది. వాన అనుకుని తల బయటపెట్టాను. వాన కాదు, పూలు. వెన్నముద్దల్లాంటి లేత పసుపు పూలు నేలంతా పడి ఉన్నాయి, ఇంకా పడుతున్నాయి. మత్తుగా, తియ్యగా ఒకటే వాసన. మరదలు దోసిట్లోకి తీసుకుని మురిసిపోయింది. తమ్ముడు ఫోన్ తీశాడు. అందరం వాగుకు వెళ్ళి మొహాలు కడుక్కుని వచ్చాం. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వాటి మీదే నడిచాం. ఇప్పపువ్వు మల్లెపువ్వులా పలుచన కాదు, కండ ఉంటుంది. కాలు పడితే చిట్లుతుంది, మట్టి పట్టి జిగురైపోతుంది. మా చెప్పుల కింద అది అట్టలు కట్టింది. తమ్ముడు తన చెప్పు విప్పి అదే చెట్టు బెరడుకేసి గీక్కున్నాడు.

అప్పుడు వచ్చారు వాళ్ళు, ముసలామె, ఆమె కోడలు, ఇద్దరి చేతుల్లోనూ గంపలు. ఊడ్చిన నేల అంచు దగ్గర ఇద్దరూ అలవాటుగా చెప్పులు విడిచారు. విడిచాక తలలెత్తి చూశారు. మా కారు, మా టెంటు, మా పొయ్యి రాళ్ళు, బూడిదలో పడ్డ పూలు, నీళ్ళ క్యాను కింద నలిగిన పూలు, మేం నడిచిన దారిపొడవునా నల్లబడ్డ పూలు. ముసలామె కోడలితో కోయ భాషలో ఏదో అంది. నాకా భాష రాదు. ఇన్నేళ్ళుగా వాళ్ళ ఊళ్ళ మధ్యనే ఉంటూ ఒక్క ముక్క నేర్చుకున్న పాపాన పోలేదు, కాలనీ ప్రహరీ అలాంటిది. అయినా అది తిట్టని తెలిసిపోయింది.

తరువాత మా వైపు తిరిగి తెలుగులోనే అడిగింది.

“మీకు కండ్లు లేవా? ఊడ్చింది కనబడలే?”

“ఇది ఫారెస్టు గదా అవ్వా. ఎవలన్న ఉండొచ్చు” అన్నాడు తమ్ముడు, షాపులో గిరాకీకి చెప్పినట్టు.

“అడివి ఎవలిదన్న గానీ. ఈ చెట్టు కింద ఊడ్చింది నేను. ఊడ్చినోళ్ళదే పువ్వు. మా ఊళ్ళె ఇంకొకలు ముట్టరు దీన్ని.”

ఆకు మీద పడితే పువ్వు కనిపించదట, పురుగు పడుతుందట. అందుకని పూత రాకముందు నుంచే ఎవరి చెట్టు కింద వాళ్ళు ఊడ్చి పెట్టుకుంటారట, రోజూ ఊడుస్తారట. ఊరందరికీ అదే గట్టు, అదే కంచె. పక్క ఇంటి పిల్లలు కూడా ఆ గీత దాటి ఒక్క పువ్వు తీసుకోరు. ఇవన్నీ ఆమె మాకు నేర్పాలని చెప్పలేదు, తిడుతూ చెప్పింది. కోడలు అప్పటికే ఓ పక్కన గొంతుక్కూర్చుని ఏరడం మొదలుపెట్టింది.

“మొన్నంత మబ్బు పట్టి సరిగ రాలలే. ఇగ పది పన్నెండు పొద్దులు మస్తు రాలుతది. ఆ ఎనక ఒడిసిపాయె. మల్ల ఏడాదికే” అంది ముసలామె. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మమ్మల్ని చూడలేదు, బూడిదను చూసింది.

తమ్ముడు పర్సు తీశాడు. “ఎంతనో చెప్పు అవ్వా, ఇచ్చేస్త.”

“పైసలెందుకు? ముందుగాల బండి తియ్యి.”

వాడు ఎక్కి స్టార్ట్ చేసి వెనక్కి తోలబోయాడు, పూల మీదుగానే. నేను వెళ్ళి బానెట్ మీద అరచేత్తో గట్టిగా కొట్టాను. మనిషన్నవాడు ఒక మాట విన్నాక ఒక్క నిమిషమైనా ఆగుతాడు. వీడు ఆగడు. ముసలామే, కోడలూ చక్రాల వెనక కూర్చుని, కారు వెళ్ళేంత దారిని ముందు ఏరుకున్నారు. అప్పుడు మా ఆయన, నేను తోస్తే కారు మెల్లగా బయటికి వచ్చింది.

“కూసో. ఏరు” అన్నాను తమ్ముడితో.

అందరం కూర్చున్నాం. టెంటు విప్పి, ఫ్లెక్సీ మడతల్లో నిలిచిన పూలను నేరుగా ఆమె గంపలోకి దులిపాం. అవి మాత్రమే మట్టి అంటని పూలు. మేం ఏరినవాటిలో చిట్లినవాటిని ముసలామె తీసి అవతల పారేస్తూనే ఉంది. ఒక్క చిట్లిన పువ్వుంటే పక్క పూలు కూడా బూజు పడతాయని సణుగుతోంది. మా తమ్ముడు ఓ గుప్పెడు ఏరి మోకాళ్ళు నొప్పన్నాడు. కాసేపటికి చూస్తే నిలబడి ఫోన్ పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతున్నాడు.

“మంచి కంటెంట్ అక్కా ఇది. జనం గిట్లాంటియే చూస్తరు.”

“ఫోన్ జేబుల పెట్టకపోతే వాగుల పడేస్త” అన్నాను. పెట్టాడు.

పొద్దెక్కేసరికి గంపలు సగానికి కొంచెం పైగా నిండాయి. మామూలుగా అయితే నింపి, ఇంట్లో పోసి మళ్ళీ వస్తారని కోడలు చెప్పింది. వెళ్ళేటప్పుడు ముసలామె మాకు వెళ్ళొస్తానని చెప్పలేదు. చెప్పనవసరం కూడా లేదు. మేం మా బూడిద ఎత్తి, రాళ్ళు తీసి, ఆమె నేల ఆమెకు ఊడ్చి ఇచ్చి కారెక్కాం. కదిలేముందు తమ్ముడితో ఒకే మాట అన్నాను.

“ఈ జాగ ఎవ్వలికి చెప్పకు.”

“నేనెవలికి చెప్త అక్కా” అన్నాడు.

వారం మధ్యలో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. పంపింది వాడు కాదు. హైదరాబాదులో ఉండే మా పిన్నికి ఎవరో పంపితే ఆమె మాకు పంపింది. జీరో బడ్జెట్ క్యాంపింగ్, మన ఖమ్మం పక్కనే అని పెద్ద అక్షరాలు. వెనక ఏదో మ్యూజిక్. వాగు, కొండ, రాలుతున్న పూలు. తరువాత వాడి గొంతు. “నేల చూడండి ఫ్రెండ్స్, ఎంత నీట్‌గా ఉన్నదో. ఊడ్చే పని గూడ లేదు. డైరెక్టుగ టెంట్ ఏసుకోవచ్చు. ఎవ్వలేమనరు.” కింద మ్యాపులో దారి కూడా పెట్టాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో బట్ట అక్కడే వదిలేసి ఫోన్ చేశాను.

“ఎవ్వలేమనరారా? ముసలామె మొహం మీదనే అన్నది గద.”

“అక్కా, ఆమెను సూపిచ్చలేదు గదా. ఆమాత్రం నాకు తెల్వదా?”

“ఆమెను సూపిచ్చలే, ఆమె ఊడ్చిన నేలను సూపిచ్చినవ్. ఎవలూడ్చిండ్రో చెప్పలే.”

“నువ్వు ప్రతిదాన్ని గట్లనే చూస్తవ్ అక్కా. జనం వస్తే ఊరికే మంచిది. చాయ్ అమ్ముకుంటరు, బిస్కెట్లు అమ్ముకుంటరు. డెవలప్ అయితది.”

ఈ మాటకు నాకు వచ్చినంత కోపం వాడు ఫ్లెక్సీ కుట్టమన్నప్పుడు రాలేదు, పూల మీద కారు తోలబోయినప్పుడు కూడా రాలేదు. తమ సరదాకు ఒకరి నోటి దగ్గరి కూడు తన్నేసి, పైగా అది వాళ్ళ మంచికే అని చెప్పేవాళ్ళను చూస్తే నాకు చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ఆమె చాయ్ అమ్ముతానని ఎవరితో చెప్పింది? అడవిలో దానంతటది మొలిచిన చెట్టు కింద తనకు తెలిసిన పని తాను చేసుకుంటోంది. ఆ పనికి మా వాడి పెట్టుబడి ఏమీ అక్కర్లేదు, వాడు దూరంగా ఉంటే చాలు.

“తీసెయ్” అన్నాను.

“తీసేస్త గాని, ఇప్పటికే మస్తు మంది షేర్ చేసిండ్రక్కా.” ఆ గొంతులో గర్వం వినబడింది నాకు. ఫోన్ పెట్టేశాను. వాడితో మాట్లాడి ఏడాది కావస్తోంది. మా చుట్టాలు నాదే తప్పంటున్నారు, పూల కోసం తోడబుట్టినవాణ్ణి వదులుకుంటారా అని. పూల కోసం అని వాళ్ళు అనే తీరుకే సగం కోపం వస్తుంది.

ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయన, “ఆదివారం పొద్దుగాల పోయి చూసొద్దాం” అన్నాడు. 

బండి మీద వెళ్ళాం. మట్టిబాట మొదట్లోనే తెలిసిపోయింది, చక్రాల జాడలు అన్ని ఉన్నాయి. వాగు ఒడ్డున కార్లు, స్పీకరు మోత. ఆ చుట్టుపక్కల ఊడ్చిన నేలలు ఇంకా ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది, ఎందుకంటే ప్రతి దాని మీదా ఒక టెంటు ఉంది. మాలాగా ఫ్లెక్సీలు కావు, కొన్న టెంట్లు. కొంచెం అవతల ఊరి ఆడవాళ్ళు గంపలు పెట్టుకుని, వీళ్ళు ఎప్పుడు లేస్తారా అని కూర్చుని ఉన్నారు.

కాలేజీ పిల్లాడొకడు నన్ను చూసి నవ్వుతూ పలకరించాడు. “ఆంటీ, మీరు గూడ వీడియో చూసే వచ్చిండ్రా?”

వాణ్ణీ, వాడి దోస్తులనూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఇది ఊరోళ్ళు పువ్వు ఏరుకునే జాగా, లేవండి అన్నాను. “మేం చెత్త ఏం ఎయ్యం ఆంటీ, అంత సాఫ్ చేసే పోతం” అన్నాడు, చాలా మర్యాదగా. ఆ మర్యాదకు ఇంకా మండింది. మా ఆయన వాళ్ళ పక్కన కూర్చుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. నేను ముసలామె చెట్టు వైపు నడిచాను.

దాని కింద టెంటు లేదు, కారు లేదు. ఒక్క మనిషి కూడా అటు పోలేదు. ప్రాణం లేచొచ్చింది, ఈమె ఒక్కతైనా తప్పించుకుంది అనుకున్నాను. దగ్గరికి వెళితే అర్థమైంది. అక్కడ ఊడ్చిన నేలే లేదు. మోకాలెత్తున ఎండాకు పోసి ఉంది. దాని మీద రేగుకంప, కొమ్మలు కొమ్మలుగా, చెట్టు చుట్టూ పరిచి ఉంది. ఈ పని కూడా ఆ పిల్లలదే అనుకుని వెనక్కి తిరిగి మళ్ళీ అరవబోయాను.

కంప మధ్యలో ఏదో కదిలింది. ముసలామె. గొంతుక్కూర్చుని ఒక్కొక్క ఆకూ లేపి, కింద వెతికి, పువ్వు దొరికితే తీసి గంపలో వేస్తోంది. ముంజేతుల నిండా గీతలు, కొన్నింటి నుంచి రక్తం కారి ఎండిపోయింది. పొద్దు బాగా ఎక్కింది, గంప అడుగు ఇంకా కనిపిస్తూనే ఉంది.

“ఎవలేసిండ్రవ్వా ఈ కంప?”

“నేనే” అంది, తల ఎత్తకుండా.

నాకు అప్పటికీ బుర్రకెక్కలేదు. ఈ లెక్కన సాయంత్రానికి కూడా గంప నిండదు, ఎండకు పువ్వు వాడిపోతుంది అన్నదే నా తొందర. “జరుగు అవ్వా, జల్దీ ఊడ్చేస్త, ఇద్దరం కలిసి ఏరుదాం” అని ఒక కంప ఈడ్చి పక్కన వేశాను. ఆకుల కొమ్మ ఒకటి విరిచి బర్రున ఊడ్చాను. చాపంత నేల బయటపడింది.

ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“ఊడ్వకు బిడ్డా. సాఫ్ చేస్తే మల్లొస్తరు.”

కొమ్మ కింద పడేశాను. ఊడ్చిన ఆకులను చేతుల్తో దగ్గరికి తీసి, ఆ చాపంత నేల మీద మళ్ళీ కప్పేశాను.